మరల వేడిచేసిన కప్పులు

పప్పు ఉడుకకున్నచో మరల పొయ్యిమీది కెక్కింతుము. అన్నము పలుకుగా నున్నచో నాలుగు చుక్కలు నీళ్లు చిలుకరించి, మూతవేసి, సన్నని సెగమీద నుంచుదుము. గారె లోపల పచ్చిగా దిగినచో ఇంకొకసారి నూనెలో వదలుదుము. ముప్పదియైదేండ్లు వంటయింటిలో గడపిన మాకు, వేడి చాలక చెడిన వస్తువు మరల వేడి తగిలినచో బాగుపడునను నమ్మకము చేతులకే అలవాటైపోయినది. ఆ నమ్మకముచేతనే మేము గడచిన శ్రావణమాసములో మా చిన్నకోడలి మొట్టమొదటి బేరమును దాదాపు పాడుచేసితిమి. అందులో ఆ పిల్ల తప్పేమియు లేదు. ఈ సంగతి మా చుట్టములలో వేరొక విధముగా వ్యాపించినది గనుక జరిగినదేదో మేమే వ్రాయుట న్యాయమని తోచినది.

మాది పాలకొల్లు. క్షీరారామలింగేశ్వరస్వామివారి గోపురము మా డాబామీదికి కనబడును. మా చిన్నకోడలు బి.కాం. చదివినది, మా యింటికి వచ్చి ఆరేండ్లైనది. పిల్లవాడు బడికి పోవ నారంభించిన తరువాత, ఇంటిపట్టుననే ఉండి ఏదైన పని చేసెదనని, డ్వాక్రా సంఘము ద్వారా అప్పు తీసికొని, బొమ్మలు అచ్చువేయు యంత్రమొకటి, కప్పును వేడిచేయు యంత్రమొకటి తెప్పించుకొన్నది. వెనుక వసారాలో పాత బల్లమీద రెండును అమరినవి. మా వారు చూచి "ఎన్నాళ్ల ముచ్చట యిది?" అనిరి. మేము నోరు మెదపలేదు గాని మా మనస్సులోను అదియే యున్నది.

ఫోటో అచ్చువేసిన పింగాణీ కప్పులను ఈ కాలమున చూడని యిల్లు లేదు. పుట్టినరోజునకు, పెండ్లిరోజునకు, పదవీవిరమణకు అందరును ఇవియే యిచ్చిపుచ్చుకొనుచున్నారు. దుకాణములవారు దీనిని ఫోటో మగ్గు అందురు. మగ్గు అనగనే మాకు స్నానపు గదిలోని ప్లాస్టిక్ చెంబు గుర్తుకు వచ్చును గనుక మేము కప్పనియే వ్రాసెదము. ఇటువంటి ముద్రణకు సబ్లిమేషన్ అని పేరు. మన పాఠ్యపుస్తకములలో దీనికి ఉత్పతనము అను మాట యున్నది. మాట పెద్దదే గాని విషయము ప్రతి యింటి దేవుని గూటిలో నున్నది. హారతి కర్పూరపు డబ్బాకు మూత వదులుగా పెట్టి మరచినచో కొన్నాళ్లకు బిళ్లలు చిక్కిపోవును. డబ్బాలో తడి మాత్రము కనబడదు. చీరల పెట్టెలోని కలరా ఉండలును అంతియే. గట్టి వస్తువు కరగి నీరు కాకయే నేరుగా ఆవిరియై పోవుట ఉత్పతనము.

ఈ కప్పులకు వాడు సిరాలోని రంగును అట్టిదే. ముందుగా బొమ్మను ప్రత్యేకమైన కాగితముపై అద్దములో కనబడునట్లు కుడియెడమలు తారుమారుగా అచ్చువేయుదురు. అప్పుడు కాగితముమీది రంగులు వెలవెలబోయి, ఉతికి ఉతికి వెలసిన చీరవలె నుండును. మొదటిసారి చూచినప్పుడు సిరా చెడినదేమో యని మేము కంగారుపడితిమి. ఆ కాగితమును కప్పునకు చుట్టి, వేడికి తట్టుకొను టేపుతో బిగించి, రబ్బరు పట్టీ గల యంత్రములో నొక్కిపట్టి, 180 నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిలో మూడు నాలుగు నిమిషము లుంచవలెను. గారెలకు కాగిన నూనె వేడియు ఇంచుమించుగా ఇంతియే. ఆ వేడికి రంగు ఆవిరి యగును. కప్పుమీద కంటికి కనబడని పాలియెస్టరు జాతి పూత యొకటి యుండును. అదియు వేడికి మెత్తబడి వదులగును. ఆవిరియైన రంగు ఆ పూతలోనికి చొచ్చుకొనిపోవును. చల్లారగానే పూత బిగిసికొని రంగును తనలో బంధించును. యంత్రమునుండి తీసి కాగితము విప్పునప్పటికి, వెలసినట్లున్న బొమ్మ కాస్త కన్ను చెదరునట్లు వెలుగుచుండును. ఇన్నిమార్లు చూచినను ఆ క్షణము మాకు పాతబడలేదు.

ఆ పూత లేని మామూలు కప్పునకు ఈ రంగు పట్టదు. మా బీరువాలోని మంచి కప్పులు వృథాగా నున్నవి గదా, వానిమీద వేయరాదా యని మేమడిగితిమి; ఒకదానిమీద వేసి చూపినది; సబ్బునీటికి బొమ్మయంతయు పోయినది. ఇట్టి రంగులు పాలియెస్టరునకు పట్టినట్లు నూలుబట్టకు పట్టవు. వేడిచే ఆవిరియై కాగితమునుండి బట్టకు మారు ఈ గుణమును ముద్రణ కుపయోగించు పద్ధతిని ఫ్రాన్సు దేశమున నోయెల్ ద ప్లాస్ అను నాతడు 1957లో కనిపెట్టెను. మొదట బట్టలకొరకు పుట్టినది, తరువాత కప్పుల కెక్కినది. మనము నిత్యము కట్టుకొను పాలియెస్టరు చీరలమీది పూలలో అనేకము ఈ విధముగా వేడితో దిగినవే.

ఇక బేరము సంగతి. మా వీధిలో ఒక బామ్మగారికి సహస్రచంద్రదర్శనము తలపెట్టిరి. వేయి పున్నములు చూచుటకు 80 ఏండ్ల 10 నెలలు పట్టునట. ఆమెకు ఆ లెక్క శ్రావణమున నిండినది. హైదరాబాదులో నుండు మనుమడు, వచ్చిన చుట్టములకు తలకొకటి యిచ్చుటకు బామ్మగారి బొమ్మతో 30 కప్పులు కావలెనని మా కోడలి కప్పగించెను. కప్పునకు 220 రూపాయలు. ఉత్త కప్పు 90 రూపాయలు పడినది. పెట్టెకు 36 కప్పులు, ఆరు అదనము. బొమ్మ ఎంత చక్కగా నున్నదో చెప్పలేము. బామ్మగారు అరుగుమీద కూర్చుండి ఎవరినో చూచి నవ్వుచున్నారు. ముగ్గుబుట్టవంటి తల, చెవులకు తెల్లరాళ్ల దిద్దులు, బుగ్గనిండ ముడుతలు. ఇంక మూడు దినములే గడువు.

ఆ రాత్రి పిల్లవాడు నిద్రించిన పిమ్మట మా కోడలు పనికి కూర్చున్నది. బయట ముసురు. గోదావరి వరదనీరు కాలువల నిండుగా పారుచు, గోడలు సైతము చెమ్మగిల్లి, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారు దినములవి. అర్ధరాత్రి దాటువరకు 24 కప్పులు దించినది. తెల్లవారి వరుసగా పెట్టి చూచునప్పటికి 17 బాగుండెను, 7 వెలవెలబోయినవి. ఆ యేడింటిలో బామ్మగారు మంచులో కూర్చున్నట్లుండిరి. రెండింటిపై అక్కడక్కడ మరకలును గలవు.

కారణము తరువాత తెలిసినది. చల్లని కప్పును పెట్టినప్పుడెల్ల యంత్రము వేడి కొంత దిగును. అంకె మరల పైకి వచ్చువరకు ఆగి, అప్పటినుండి నిమిషములు లెక్కపెట్టవలెను. నిద్రమత్తులో, తొందరలో, నడుమ కొన్నింటికి ఆగలేదు. మరకలు చెమ్మవలన వచ్చినవి. వానకాలపు గాలిలోని తేమను కాగితము అప్పడమువలె పీల్చుకొనును. వేడి తగులగానే ఆ తేమ ఆవిరియై కాగితమునకు కప్పునకు నడుమ చేరి రంగును చెదరగొట్టును. ఇప్పుడు మా కోడలు కాగితమును మూతగట్టి డబ్బాలో పెట్టుచున్నది. వాడుటకు ముందు క్షణకాలము వేడి చూపి తడి యార్చుచున్నది. సముద్రము దాపున, కాలువల నడుమ నున్న మా ఊరిలో ఈ పని చేయువారికి ఇది అన్నిటికంటె ముఖ్యము. మెట్ట ప్రాంతములవారికి ఇంతగా అక్కరలేకపోవచ్చును.

17 బాగున్నవి, ఉత్తవి 12 మిగిలినవి, వెరసి 29. కావలసినవి 30. ఒక్కటి తక్కువ. ఆ ఒక్క కప్పే మాచేత మాట తూలించినది. "వేడి చాలక గదా పాలిపోయినవి? మరల యంత్రములో పెట్టి ఇంకొక మూడు నిమిషములు వేడిచేయరాదా, అమ్మాయీ?" అంటిమి.

"పనికిరాదని చెప్పారండీ, అత్తయ్యగారూ" అన్నది.

"ఎవరు చెప్పిరి? చేసి చూడనిదే ఎట్లు తెలియును? నీకంటె మేము నాలుగు పొయ్యిలు ఎక్కువ చూచినవారము" అంటిమి. ఆ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది. ఆమె ఒక క్షణము మా మొగము చూచి, ఏమియు ననక, పాలిపోయిన కప్పొకటి అందుకొన్నది. ఆ మౌనమునకు అప్పుడు అంగీకారమని అర్థము చెప్పుకొంటిమి. అత్త మాట కాదనలేక ఊరకుండు కోడండ్ర మౌనమెట్టిదో, ఒకప్పుడు మేమును కోడలమే గనుక మాకు తెలియవలసినది.

మొదటి కప్పునకు పాత కాగితమునే మరల చుట్టినది. కంటికి సరిగా కుదిరినట్లే యుండెను. తీసి చూతుము గదా, బామ్మగారికి నాలుగు కన్నులు, రెండు నవ్వులు. వెండ్రుకవాసి జరిగినను చాలును, పాత బొమ్మ ప్రక్కన కొత్త బొమ్మ నీడవలె పడును. కాగితము విప్పకముందే వేడి చాలలేదని గ్రహించినచో, కదలనీయక మరల బిగించి ఇంకొక నిమిషము ఉంచుట కొంత ప్రయోజనకరమే. ఒకసారి విప్పిన కాగితమును మాత్రము తిరిగి ఆ చోటనే కూర్చుండబెట్టుట మానవుల చేతులకు సాధ్యము కాదు.

అయినను మేము ఊరకొన్నామా? "కాగితము అక్కరలేదు, ఉన్న రంగే ముదురునట్లు ఉత్తదే వేడిచేయు" మంటిమి. మినప రొట్టెను ఎర్రగా కాల్చినట్లు రంగును కాల్చవచ్చునని మా ఊహ. రెండవ కప్పును ఉత్తదే పెట్టినది. మూడు నిమిషముల తరువాత వచ్చిన దానిలో బొమ్మ ముదురుటకు మారు ఇంకను తగ్గినది. అంచులు చెదరి మొగము అలికినట్లైనది. జుట్టు వెనుకనున్న నల్లని తలుపు గోధుమరంగునకు దిగినది. అంతటితో పోలేదు. ఆ వెనుక మా కోడలు 12 కొత్త కప్పులలో రెండింటిని వరుసగా దించినది. ఆ రెండింటిమీదను, బామ్మగారి భుజము ప్రక్కన, ఇంకొక బామ్మగారి మొగము లీలగా కనబడినది! ఉత్తగా వేడిచేసిన కప్పునుండి లేచిన రంగు యంత్రపు రబ్బరు పట్టీ కంటుకొని, అక్కడినుండి కొత్త కప్పుల కెక్కినది. ఒక్క కప్పు మిగుల్చబోయి రెండు మంచివానిని పోగొట్టితిమి. ఒకటి తక్కువ యైనది కాస్త మూడు తక్కువ యైనది.

అప్పుడు మా కోడలు మెల్లగా అన్నది: "ఇది పప్పు కాదండీ అత్తయ్యగారూ, కర్పూరం. మళ్ళీ వేడి చేస్తే ఉడకదు, లేచిపోతుంది." వసారా మెట్టుమీద కూర్చుండి మేము చాలసేపు ఆలోచించితిమి. ఏ వేడి పూతను వదులుచేసి రంగును లోనికి పంపినదో, ఆ వేడియే మరల తగిలినచో పూత మరల వదులగును. లోనున్న రంగు మరల ఆవిరియై తన యెదుట ఏది యున్నచో దానిమీదికి పోవును. కాగితమున్న కాగితముమీదికి, రబ్బరున్న రబ్బరుమీదికి. వేడికి లోపలికి పొమ్మని గాని బయటికి రమ్మని గాని తెలియదు. తలుపు తీయుట మాత్రమే దాని పని.

ఈ గుణమునే ఆధారము చేసికొని చెడిన కప్పును శుభ్రము చేయువారును గలరు. తెల్లకాగితమును చుట్టి మరల వేడిచేసినచో రంగులో కొంత ఆ కాగితమున కెక్కును. కాగితము మార్చి మార్చి చేసినచో బొమ్మ క్రమముగా పలుచబడును. మూడవ కప్పును అట్లు చేసి చూచితిమి. నాలుగుసార్లు చేసినను నీడ పూర్తిగా పోలేదు. పైపెచ్చు తెల్లని పూత పచ్చబారి పాతవడిన దంతమువలె నైనది. నాలుగవ దానిపై, నీడ మిగిలిన తరువాత, ముదురు నీలపు రంగులో పెద్ద పెద్ద పూల తీగను వేసినది. అది మాత్రము చక్కగా కుదిరినది. క్రింది బొమ్మ జాడ కనబడదు. పలుచనిదానిపై ముదురు వేయుట యొక్కటే ఈ పనిలో దిద్దుబాటు. అది బామ్మగారి బొమ్మకు పనికివచ్చునది కాదు గదా.

తెల్లని వెన్నపూసవంటి రంగుతో చెడినచోట కప్పివేయరాదా యని మీలో కొందరు అనుకొనవచ్చును. మేమును అనుకొంటిమి. ఈ ముద్రణలో తెల్లసిరా యనునది లేదు. బామ్మగారి నెరసిన తల, దిద్దులలోని రాళ్ల మెరుపు, కంటిలోని తెలుపు, ఇవన్నియు ఎవరును వేసినవి కావు. రంగు తాకని కప్పు తెలుపే అది. రంగు ఎక్కడ వేయలేదో అక్కడ జుట్టు నెరసినది. కనుకనే రెండవసారి పడిన నీడ ఆ తెలుపునే ముందుగా చెరచినది. చెడినదానిని మరల తెల్లబరచుటకు మన చేతిలో ఏమియు లేదు. ముంగురులమీద ఆ బూడిదరంగు చార చూచినప్పుడు మాకు కడుపులో దేవినట్లైనది.

ఆలోచింప, ఈ తీరు మన ప్రాంతమునకు కొత్త కాదు. 17వ శతాబ్దమున డచ్చివర్తకులు మా పాలకొల్లులో కొఠీ కట్టుకొని కూర్చుండినది అద్దకపు గుడ్డలకొరకును, నూలు బట్టలకొరకునే. ఆ కాలమున ఎరుపు చిరువేరునుండి వచ్చెడిది. ఇప్పటికిని కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ అద్దువారు తెలుపును అద్దరు. కరక్కాయ రసములో నానిన గుడ్డపై, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసిన ద్రవముతో నలుపును, పటికనీటితో ఎరుపు రావలసిన చోట్లను అచ్చు వత్తుదురు. పిదప పారునీటిలో జాడించి, రంగుచెక్కలు వేసి ఉడికించునప్పుడు పటిక తగిలినచోట ఎరుపు పట్టి నిలుచును. తగలనిచోట పట్టిన కాస్త రంగును, ఎండలో ఆరవేసి నీళ్లు చల్లి తెల్లబరతురు. అక్కడను తెలుపు విడిచిపెట్టిన చోటే గాని వేసిన రంగు కాదు. తేడా యొక్కటి గలదు. వారికి ఎండయు నీరును సాయము వచ్చును. మా కప్పునకు ఆ సాయము లేదు.

మాకు పది కిలోమీటర్ల దూరముననున్న నరసాపురము లేసునకు పేరుపడినది. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల సతులు నేర్పిన ఈ అల్లిక మా ఊళ్ల ఆడవారి చేతులలో నేటికిని ఉన్నది. మా అత్తగారు అల్లుచుండగా మేము ప్రక్కన కూర్చుండెడివారము. ఒక కుట్టు తప్పినచో దారము కొస పట్టి లాగెడివారు; పూవంతయు ఉండచుట్టుకొని మరల దారమై చేతికి వచ్చెడిది. కాలము పోవును గాని దారము పోదు. అటువంటి పనిలో పెరిగిన మాకు, విప్పుటకు వీలులేని పని యొకటి ఉండునని తోచకపోవుట వింత కాదు. అయినను ఆ లేసు అల్లికలోను విప్పుటకు వీలులేనిది ఒకటి యుండెను, అది కూలి. మరియా మీస్ అను జర్మను దేశపు విదుషి నరసాపురపు లేసు పనివారలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఎన్నో గంటలు వంగి అల్లు స్త్రీలను పనివారుగా గాక, తీరికవేళ ఏదో చేసికొను గృహిణులుగా లెక్కించుటవలననే వారి కూలి అంత తక్కువగా నుండెనని ఆమె చూపెను. మా అత్తగారికి ఆ పుస్తకము తెలియదు. ఆమె కూలి మాత్రము మాకు తెలియును.

ఇది ఇక్కడ ఏల వ్రాసితిమనగా, ఆ సాయంకాలము మా వారు కాగితముపై లెక్క వేసిరి: చెడిన కప్పులు 9, ఒక్కొక్కటి 90 చొప్పున 810 రూపాయలు నష్టము. అంతలో కోడలు కాఫీ యిచ్చుచు, "రెండు రాత్రుల పని ఎక్కడ వ్రాశారండీ, మావయ్యగారూ?" అని అడిగినది. ఆమె స్వరములో కోపము లేదు. మా వారు కాగితము తిప్పి చూచి, వ్రాయుటకు స్థలము లేనట్లు మరల జేబులో పెట్టుకొనిరి. మేము ఆ కాగితము అడిగి తీసికొని, ఆ పని క్రింద ఒక మొత్తము వేసి, దాని ప్రక్కన "అత్తగారి సలహావలన" అని వ్రాసితిమి. ఆయన నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

పాలిపోయిన కప్పులలో మేము ముట్టనివి ఇంకను మూడు గలవు. మా పెద్ద కొడుకు, "ముప్పది మందిలో ముగ్గురికి కొంచెము వెలిసినవి వచ్చిన ఎవరు చూడవచ్చిరి?" అన్నాడు. వేడి చాలని రంగు పూతలో లోతుగా దిగదు. కడిగిన కొలది ఇంకను తగ్గును. ఇచ్చిననాడు తెలియదు, రెండు నెలలకు తెలియును. మా కోడలు ఒప్పుకొనలేదు. మరునాడు ఉదయము బస్సెక్కి భీమవరము పోయి, విడిగా ఆరు కప్పులు కొని, గడ్డిలో చుట్టి ఒడిలో పెట్టుకొని మధ్యాహ్నమునకు వచ్చినది. రబ్బరు పట్టీపై తెల్లకాగితము చుట్టి రెండుసార్లు ఉత్తగా వేడిచేసి, అంటిన రంగును ఆ కాగితమునకు దింపినది. ఇది మేమిచ్చిన సలహా కాదు. తరువాత ఒక్కొక్క కప్పునకు ఆగి, అంకె చూచి, గడియారము చూచి దించినది. వేడి కప్పుమీది కాగితమును ఆలస్యము చేయక ఒక్క ఊపున విప్పవలెను. తాపీగా విప్పినచో ఆ కాస్తలోనే ఇంకను లేచుచున్న రంగు నీడలు వేయును. చేతులకు దళసరి తొడుగులుండవలెను. కిటికీలు తెరచి యుంచవలెను. పిల్లలు దరి చేరకుండ చూడవలెను. మా మనుమనిని ఆ రాత్రి మేము మా ప్రక్కన పరుండబెట్టుకొని కథలు చెప్పితిమి. మేము చేసిన ఉపకారము అదియొక్కటే.

ఉత్సవమునాటికి 30 కప్పులును సిద్ధమైనవి. బామ్మగారు ఒక్కొక్కరికి తన చేతితో ఇచ్చుచు, ప్రతి కప్పును ఒకమారు త్రిప్పి చూచి మరీ యిచ్చిరి. నాలుగు దినముల తరువాత మా యింటికి వచ్చినప్పుడు అలమరలోని పాలిపోయిన కప్పు ఆమె కంటబడినది. "ఇది దాచావేమే? ఇదే నాకు ఇయ్యవే పిల్లా. దీన్లో నా ముడతలు కనపడవు" అనిరి. కడిగిన కొలది పోవునని మా కోడలు చెప్పినది. "పోతే పోనీ. నేను మాత్రం ఎన్నాళ్లు కడుగుతాను?" అని కొంగున చుట్టుకొని పోయిరి. దానికి వెల పుచ్చుకొనమనిరి. మా కోడలు పుచ్చుకొనలేదు. అది ఆమె ఇష్టము గనుక మేము కలుగజేసికొనలేదు.

దసరాకు ఒక బడివారు 60 కప్పులడిగిరి. ఆ బేరమునకు పెట్టెలు రెండు తెప్పించి, అదనముగా 12 లెక్కకట్టి ధర చెప్పినది. చెడుట పనిలో భాగమని ముందే ధరలో కలుపుట తప్పు కాదని ఇప్పుడు మాకు తెలియును. మొదటి బేరములో అది అత్యాశ యని మేమే ఆమెచేత తగ్గింపజేసితిమి.

మిగిలిన ఎనిమిది కప్పులును మా యింటనే యున్నవి. నీలపు పూలది మా కోడలు వాడుకొనుచున్నది. పచ్చబారినదానిలో మనుమని పెన్సిళ్లు, మరియొకదానిలో తులసి మొలకలు, ఒకదానిలో ఆవాలు. నాలుగు కన్నుల బామ్మగారి కప్పులో మేము ప్రతి ఉదయము కాఫీ త్రాగుచున్నాము. మా కోడలు దానిని తీసి అటకమీద పెట్టవలెనని రెండుమార్లు చూచినది. మేము ఇయ్యలేదు.